విహంగ వీక్షణం: అండమాన్ దీవుల ఛాయాచిత్ర చరిత్రలో చూపు, దూరం, సమ్మతి

వ్యాస సంగ్రహం:
అండమాన్ దీవులను, అక్కడి ఆదిమవాసులను కెమెరాతో చూసిన చరిత్రకు దాదాపు నూటయాభై ఏళ్ల వయసుంది. ఈ కాలంలో కెమెరా ముందు మనిషి చేతిలో, తరువాత పడవలో, ఆ తరువాత హెలికాప్టర్‌లో ప్రయాణించింది. నేడు మనిషి అవసరం లేకుండానే డ్రోన్‌పై ఎగురుతున్నది. ప్రతి దశలోనూ చూసేవారికి, చూడబడేవారికి మధ్య దూరం పెరిగింది. చూపుకున్న శక్తి కూడా పెరిగింది. 1880 నాటి ఉత్తర సెంటినెల్ యాత్ర, 1974 నాటి డాక్యుమెంటరీ చిత్రీకరణ, 2004 సునామీ అనంతర హెలికాప్టర్ ఛాయాచిత్రం, 2021 డ్రోన్ నియమాలు ఆధారంగా ఈ పరిణామాన్ని వివరించడం, ‘చూడడానికి సమ్మతి’ అనే ప్రశ్నను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అండమాన్, ఉత్తర సెంటినెల్, ఛాయాచిత్రం, డ్రోన్, విహంగ వీక్షణం, దృష్టి, సమ్మతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్య వ్యాసాలలో ‘విహంగ వీక్షణం’ అన్నంత తరచుగా కనిపించే శీర్షిక మరొకటి లేదేమో. ఒక ప్రక్రియనో, ఒక యుగాన్నో స్థూలంగా పరిచయం చేయదలచినప్పుడు మనం ఈ మాటను అలవాటుగా వాడుతాం. విహాయసం అంటే ఆకాశం; ఆకాశంలో పోయేది విహంగం. పక్షి పైనుండి చూసినట్లు మొత్తాన్ని ఒక్కసారిగా చూడడం దీని అర్థం. ఈ ప్రయోగంలో చూసేవారి సౌకర్యమే తప్ప, కింద ఉన్నవారి ప్రస్తావన ఉండదు. పైనుండి తమను ఒకరు చూస్తున్నారని వారికి తెలుసా, తెలిస్తే ఏమనుకుంటారు అన్న ప్రశ్నలు ఆ మాటలోకి రావు.

ఈ అలంకారం నేడు అక్షరాలా యంత్రరూపం ధరించింది. పావుకిలో బరువు కూడా లేని డ్రోన్ ఒకటి కొని, ఎవరైనా విహంగ వీక్షణం చేయవచ్చు. జనసంచారం లేని ఉష్ణమండల దీవులు, పగడపు దిబ్బలు, మానవ స్పర్శ ఎరుగని అడవులు ఈ ఛాయాచిత్రకారులకు అత్యంత ఇష్టమైన వస్తువులు. అయితే ‘మానవ స్పర్శ ఎరుగని’ అని మనం పిలిచే చోట్లలో కొన్ని నిజానికి మనుషులున్న చోట్లే. పోర్ట్ బ్లెయిర్‌కు పశ్చిమంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉత్తర సెంటినెల్ దీవి అందుకు తిరుగులేని ఉదాహరణ. దాదాపు 60 చదరపు కిలోమీటర్ల ఆ దీవిలో నివసించే సెంటినెలీయులు బయటి ప్రపంచంతో సంబంధాన్ని నిరాకరిస్తూ వస్తున్నారు. ఆ నిరాకరణను కెమెరా ఎలా నమోదు చేసింది, ఎలా ఉల్లంఘించింది అన్నది ఈ వ్యాసం ప్రధాన పరిశీలనాంశం.

అండమాన్‌తో తెలుగువారికి ఉన్న అనుబంధం కూడా ఇక్కడ స్మరించదగినది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ వీధులలో తెలుగు వినిపించడం విశేషం కాదు. కాబట్టి ఆ దీవుల ఆదిమవాసులు మనకు ఏదో దూరదేశపు వింత కారు. మనవారు వలసవెళ్లి నిలదొక్కుకున్న నేలకు వారు తొలి హక్కుదారులు.

2. ఆకాశం నుండి చూపు - పూర్వరంగం:

పైనుండి నేలను చూడాలన్న కోరిక యంత్రాలకంటే ఎంతో పాతది. రామాయణంలో లంకను అన్వేషించే హనుమంతుడు సముద్రం మీదుగా ఆకాశమార్గాన వచ్చి ద్వీపాన్ని చూస్తాడు. ఆపైన రాత్రివేళ చిన్న రూపం ధరించి నగరంలో ప్రవేశిస్తాడు. యుద్ధానంతరం పుష్పకంలో తిరిగివస్తూ రాముడు సీతకు కింద కనిపించే యుద్ధభూమిని, సేతువును చూపిస్తాడు. కాళిదాసు రఘువంశం పదమూడవ సర్గలో ఈ సన్నివేశాన్నే విస్తరించి వర్ణించాడు. ఈ రెండు సందర్భాల తేడా గమనించదగినది. మొదటిది గూఢచారి చూపు, రెండవది విజేత చూపు. సౌందర్య వర్ణనగా మనం చదువుకునే ఆకాశ దృశ్యం వెనుక ఈ రెండు ప్రయోజనాలూ మొదటినుండీ ఉన్నాయి.

ఆధునిక కాలంలోనూ ఇదే కనిపిస్తుంది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు నాదార్ 1858లో పారిస్ సమీపంలో బెలూన్ నుండి తొలి వైమానిక ఛాయాచిత్రం తీశాడు. అది నేడు లభ్యం కాదు. లభ్యమవుతున్న వాటిలో ప్రాచీనమైనది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బోస్టన్ నగరంపై బెలూన్ నుండి తీసినది. జర్మనీకి చెందిన మందుల వ్యాపారి జూలియస్ నాయ్‌బ్రోనర్ పావురాల ఛాతీకి చిన్న కెమెరాలు కట్టి ఎగురవేసే పద్ధతికి 1908లో పేటెంట్ పొందాడు. మన ‘విహంగ వీక్షణం’ అక్షరాలా సాధ్యమైన సందర్భం అది. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రు కందకాలను చిత్రించే పనితో వైమానిక ఛాయాచిత్రణం సైనికశాస్త్రంలో భాగమైంది. యుద్ధం తరువాత అదే విద్య అడవుల సర్వేకు, పటాల తయారీకి మళ్లింది. మన దేశంలో ఈ పరంపర నేడు హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వరకు కొనసాగుతున్నది.

3. నేల మీది కెమెరా - పోర్ట్‌మన్ కాలం:

1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షాస్థావరాన్ని నెలకొల్పింది. మరుసటి ఏడాది గ్రేట్ అండమానీయులు దానిపై దాడి చేశారు. ఆపైన వలసపాలకులు ‘మచ్చిక’ విధానాన్ని చేపట్టారు. 1863లో రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ను ప్రారంభించి, ఆదిమవాసులను అక్కడ ఉంచసాగారు. 1879లో అండమానీయుల వ్యవహారాల అధికారిగా వచ్చిన మారిస్ విడాల్ పోర్ట్‌మన్ ఈ విధానానికే కాక, అండమాన్ ఛాయాచిత్ర చరిత్రకు కూడా కేంద్రవ్యక్తి అయ్యాడు.

పోర్ట్‌మన్ 1890లలో బ్రిటిష్ మ్యూజియం కోసం అండమానీయుల ఛాయాచిత్రాలను పెద్దసంఖ్యలో తీశాడు. వాటిలో ఒక వర్గం కొలతల చిత్రాలు. గళ్లు గీసిన తెర ముందు మనిషిని నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్కనుండి ఒకటి తీసేవారు. గళ్లను లెక్కపెట్టి శరీర పరిమాణాలను పోల్చడం వాటి ప్రయోజనం. అలా నిలబడిన వ్యక్తి పేరు కంటే అతని ఎత్తు, తల చుట్టుకొలత ముఖ్యమయ్యాయి. పల్లెలో సంతకు వచ్చిన పశువును కొలిచినట్లు మనిషిని కొలిచారు అంటే అతిశయోక్తి కాదు.

ఇదే పోర్ట్‌మన్ 1880 జనవరిలో ఉత్తర సెంటినెల్ దీవిపై కాలుమోపాడు. అతని బృందానికి కాలిబాటలు, ఖాళీ చేసిన నివాసాలు కనిపించాయి గాని మనుషులు కనిపించలేదు. కొన్ని రోజుల గాలింపు తరువాత ఒక వృద్ధ దంపతులు, నలుగురు పిల్లలు చిక్కారు. వారిని పోర్ట్ బ్లెయిర్‌కు తీసుకువెళ్లారు. అక్కడ అందరూ జబ్బుపడ్డారు, వృద్ధులిద్దరూ మరణించారు. పిల్లలను కానుకలతో తిరిగి దీవిలో దింపి వచ్చారు. తన చర్య ఆ ప్రజలలో బయటివారిపట్ల భయాన్ని పెంచడం తప్ప సాధించిందేమీ లేదన్న భావాన్ని పోర్ట్‌మన్ 1899లో వెలువరించిన తన అండమాన్ చరిత్ర గ్రంథంలో స్వయంగా వ్యక్తంచేశాడు.

ఈ సంఘటనను ఛాయాచిత్ర చరిత్రలో భాగంగా చూడవలసిన అవసరం ఉంది. చూడాలన్న కోరిక, పట్టుకోవాలన్న కోరిక అక్కడ వేరువేరుగా లేవు. సెంటినెలీయులను ‘చూడడానికి’ వెళ్లిన బృందం వారిని పట్టుకొని వచ్చింది. పట్టుకున్నవారు మన గాలి సోకి మరణించారు. స్థావరానికి దగ్గరగా ఉన్న గ్రేట్ అండమానీయుల సంగతి మరింత విషాదకరం. 1877లో వచ్చిన తట్టు వంటి వ్యాధుల దెబ్బకు వారి సంఖ్య క్షీణించింది. 1901 జనాభా లెక్కలలో 625గా నమోదైనవారు 1961 నాటికి 19 మంది మాత్రమే మిగిలారు. పోర్ట్‌మన్ చిత్రాలు నేడు ఒక జాతి చివరి తరాల జ్ఞాపకాలుగా విలువైనవి. ఆ జాతి అంతరించే స్థితికి రావడానికి దారితీసిన యంత్రాంగంలో అవి కూడా భాగమే. ఈ రెండు వాస్తవాలను పక్కపక్కనే ఉంచుకొని చదవడం పరిశోధకుని బాధ్యత.

4. పడవలోని కెమెరా - కానుకల కాలం:

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ దృక్పథం మారింది. 1956లో అండమాన్ నికోబార్ ఆదిమ తెగల రక్షణ నిబంధన వెలువడి, ఆదిమవాసుల ప్రాంతాలలో బయటివారి ప్రవేశాన్ని నియంత్రించింది. 1967లో మానవశాస్త్రవేత్త త్రిలోక్‌నాథ్ పండిట్ సభ్యుడిగా ఒక బృందం ఉత్తర సెంటినెల్‌కు వెళ్లింది. ఆపైన అడపాదడపా ‘కానుకల యాత్రలు’ సాగాయి. పడవలో తీరం దగ్గరికి వెళ్లి కొబ్బరికాయలు, ఇనుప వస్తువులు వదిలి రావడం వాటి పద్ధతి.

ఈ యాత్రలలో కెమెరా కూడా వెళ్లేది. 1974లో ‘మేన్ ఇన్ సెర్చ్ ఆఫ్ మేన్’ అనే డాక్యుమెంటరీ చిత్రీకరణ కోసం వెళ్లిన బృందానికి తీరం నుండి బాణాలు స్వాగతం పలికాయి. ఒక బాణం దర్శకుని తొడలో దిగింది. దీనిని ఆటవికుల శత్రుత్వానికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. సంఘటనను క్రమంలో చూస్తే వేరే అర్థం స్ఫురిస్తుంది. దీవికి వచ్చినవారు ఎవరు, ఎందుకు వచ్చారు అన్నది సెంటినెలీయులకు తెలియదు. తమ పూర్వులను బలవంతంగా ఎత్తుకుపోయినవారు కూడా ఇలాగే పడవలలో వచ్చారన్న స్మృతి వారిలో నిలిచి ఉండే అవకాశం ఉంది. అటువంటి నేపథ్యంలో ఆ బాణం ఒక జవాబు.

1991 జనవరి 4న పరిస్థితి కొంత భిన్నంగా జరిగింది. మానవశాస్త్రవేత్త మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న బృందం నుండి సెంటినెలీయులు నీటిలోకి వచ్చి కొబ్బరికాయలను స్వీకరించారు. ఆ సందర్భపు ఛాయాచిత్రాలు ప్రసిద్ధాలు. అవి పరస్పర సమ్మతికి దగ్గరగా వచ్చిన చిత్రాలని చెప్పవచ్చు: ఇరుపక్షాలు ఎదురెదురుగా ఉన్నాయి, రెండవ పక్షానికి వెనుదిరిగే స్వేచ్ఛ ఉంది. అయినా రోగనిరోధక శక్తి లేని ఆ ప్రజలకు మన సాన్నిధ్యమే ప్రమాదమన్న గ్రహింపుతో 1990ల రెండవ అర్ధంలో ఆ యాత్రలు ఆగిపోయాయి. ‘దూరం నుండి గమనించు, జోక్యం చేసుకోకు’ అన్నది విధానమైంది.

ఈ విధానానికి జనాభా లెక్కలు ఒక ఆసక్తికరమైన కొలమానం. 2001లో ఉత్తర సెంటినెల్‌లో 39 మంది, 2011లో 15 మంది అని నమోదైంది. అవి దూరం నుండి కంటికి కనిపించినవారి సంఖ్యలు. ఈ సంఖ్యలను జనాభాగా ఉటంకించి, పదేళ్లలో సగానికిపైగా తగ్గిందని నిర్ధారించడం పద్ధతిరీత్యా పొరపాటు. సెంటినెలీయులు ఎంతమంది కనిపించదలచుకున్నారో అంతమందే లెక్కలోకి వచ్చారు.

5. హెలికాప్టర్‌లోని కెమెరా - 2004:

2004 డిసెంబరు 26న సుమత్రా సమీపంలో వచ్చిన మహాభూకంపం, సునామీ అండమాన్ నికోబార్ భూస్వరూపాన్నే మార్చివేశాయి. గ్రేట్ నికోబార్ దక్షిణాగ్రంలోని ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగుభాగం నీటిలో మునిగింది. అందుకు విరుద్ధంగా ఉత్తర సెంటినెల్ దీవి ఒకటి నుండి రెండు మీటర్ల మేర పైకి లేచింది. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు నీటినుండి బయటపడి ఎండిపోయాయి. ఈ మార్పును శాస్త్రజ్ఞులు ప్రధానంగా ఉపగ్రహ చిత్రాల సాయంతో అంచనా వేశారు. సునామీకి ముందు, తరువాత తీసిన చిత్రాలను పోల్చి, ఎక్కడ దిబ్బలు తేలాయో, ఎక్కడ తీరం మునిగిందో గుర్తించారు. ఎవరూ ఆ దీవిలో అడుగుపెట్టలేదు. ఎవరి ముఖమూ ఆ చిత్రాలలో లేదు.

మరొక చిత్రం కూడా ఆ రోజులలోనే వెలువడింది. దీవిలో ఎవరైనా బతికి ఉన్నారా అని తెలుసుకోవడానికి డిసెంబరు 28న భారత తీరరక్షక దళ హెలికాప్టర్ ఉత్తర సెంటినెల్‌పై ఎగిరింది. తీరంలోకి వచ్చిన ఒక సెంటినెలీయుడు ఆ హెలికాప్టర్‌పైకి విల్లు ఎక్కుపెట్టాడు. ఆ దృశ్యం ఛాయాచిత్రమై లోకమంతా వ్యాపించింది.

ఆ చిత్రానికి మూడు పఠనాలు సాధ్యం. మొదటిది ప్రభుత్వ పఠనం: వారు బతికే ఉన్నారు, సహాయం అవసరం లేదు. ఒక పెనువిపత్తు వేళ ఈ సమాచారం నిజంగా విలువైనది. దాని కోసం ఎగరడం తప్పనలేము. రెండవది పత్రికల పఠనం: రాతియుగపు మనిషి యంత్రయుగంపై బాణం వేశాడు. ఇది వింతను అమ్ముకొనే పఠనం. ఓడల శిథిలాల ఇనుముతో బాణపు ములుకులు చేసుకొనేవారిని రాతియుగం వారనడం వాస్తవవిరుద్ధం కూడా. మూడవ పఠనం ఛాయాచిత్ర చరిత్రకు సంబంధించినది. పోర్ట్‌మన్ గళ్ల తెర ముందు నిలబడిన మనిషికి కెమెరాకు బదులు చెప్పే వీలు లేదు. 2004 చిత్రంలోని మనిషి కెమెరాను నేరుగా చూస్తున్నాడు. తన అభిప్రాయాన్ని తన భాషలో చెబుతున్నాడు. చూడబడే వ్యక్తి నిరాకరణ చిత్రంలోనే నమోదు కావడం దీని ప్రత్యేకత. ఆ నిరాకరణను నమోదు చేసిన చిత్రాన్నే మనం లక్షలసార్లు పునర్ముద్రించడం ఇందులోని వైరుధ్యం.

6. మనిషి లేని కెమెరా - డ్రోన్:

2013లో డీజేఐ సంస్థ ‘ఫాంటమ్’ను విపణిలోకి తేవడంతో డ్రోన్ ఛాయాచిత్రణం సామాన్యుని అందుబాటులోకి వచ్చింది. నాలుగు పంఖాలు, జీపీఎస్ సాయంతో గాలిలో స్థిరంగా నిలిచే సామర్థ్యం దీని ముఖ్యాంగాలు. 2019లో అదే సంస్థ 249 గ్రాముల డ్రోన్‌ను విడుదల చేసింది. 250 గ్రాముల లోపు డ్రోన్లకు అనేక దేశాలు నిబంధనలను సడలించాయి కనుక ఆ ఒక్క గ్రాము తగ్గింపు యాదృచ్ఛికం కాదు.

భారతదేశంలో 2014లో పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ పౌరుల డ్రోన్ వాడకాన్ని నిలిపివేస్తూ ప్రకటన జారీచేసింది. 2018 డిసెంబరు 1 నుండి నియంత్రిత అనుమతి లభించింది. 2021 ఆగస్టు 25న ‘డ్రోన్ నియమాలు, 2021’ వెలువడ్డాయి. ఇవి ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. 250 గ్రాముల లోపువి నానో డ్రోన్లు. వాటిని నడపడానికి పైలట్ ధ్రువపత్రం అక్కర్లేదు. ఎరుపు మండలంలో కేంద్రప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరడం నిషిద్ధం.

ఈ మండలాల తర్కాన్ని పరిశీలిస్తే ఒక విషయం బోధపడుతుంది. విమానాల రాకపోకలు, సరిహద్దులు, రక్షణ స్థావరాలు వంటి భద్రతా అవసరాల చుట్టూ అవి రూపొందాయి. కింద ఎవరున్నారు, వారికి ఇష్టమా అన్న ప్రశ్న ఆ తర్కానికి కేంద్రం కాదు. మరోవైపు 1956 నిబంధనకు కేంద్రం ‘ప్రవేశం’. ఆ రోజులలో ప్రవేశించడం అంటే మనిషి కాలుమోపడం. కన్ను ఒక్కటే ప్రవేశించగల కాలం అప్పటికి రాలేదు. అండమాన్ ట్రంక్ రోడ్డు వెంబడి జారవా మహిళలతో తిండి ఆశ చూపి నాట్యం చేయించిన వీడియో 2012 జనవరిలో బయటపడినప్పుడు దేశమంతా సిగ్గుపడింది. అదే సంవత్సరం నిబంధనను సవరించి శిక్షలను కఠినతరం చేశారు. జారవా అభయప్రాంతంలో ఛాయాచిత్రాలు తీయడం శిక్షార్హమన్న హెచ్చరిక పలకలు ఆ దారిలో నేడు కనిపిస్తాయి. అంటే ‘చూడడం’ కూడా ఒక అతిక్రమణ కావచ్చునన్న సూత్రాన్ని మన చట్టం ఇప్పటికే అంగీకరించింది. ఆ సూత్రాన్ని నేలనుండి ఆకాశానికి విస్తరించడమే మిగిలింది.

ఇది ఊహాజనితమైన భయం కాదు. 2018 ఆగస్టులో ఉత్తర సెంటినెల్‌తో సహా 29 దీవులకు విదేశీయుల ప్రత్యేక అనుమతి నిబంధనను సడలించారు. గిరిజన రక్షణ నిబంధన మాత్రం కొనసాగింది. అదే నవంబరులో ఆ దీవికి అక్రమంగా వెళ్లిన ఒక అమెరికన్ మతప్రచారకుడు మరణించాడు. 2025 మార్చి చివరిలో మరొక అమెరికన్ యువకుడు దీవి తీరంలో కొద్ది నిమిషాలు ఉండి, ఒక శీతలపానీయం డబ్బా, ఒక కొబ్బరికాయ వదిలి, వీడియో తీసుకొని వచ్చి అరెస్టయ్యాడు. మొదటివాడు తన మతాన్ని వినిపించాలని వెళ్లాడు. రెండవవాని యాత్రకు మిగిలిన ఫలితం వీడియో. ప్రాణాలకు తెగించి తీరంలో దిగేవారు అరుదు. పడవలోనే కూర్చుని డ్రోన్ పంపించాలనుకొనేవారు అంత అరుదు కారు. వారికి బాణం భయం కూడా ఉండదు.

సెంటినెలీయుల విషయంలో దూరం ఇన్నాళ్లూ రక్షణగా పనిచేసింది. విల్లు ఎంత దూరం చేరుతుందో అంతవరకు వారి సార్వభౌమత్వం చెల్లుబాటైంది. వంద మీటర్ల ఎత్తున ఎగిరే చిన్న యంత్రం ఆ లెక్కను మారుస్తుంది. ఈ చరిత్రలో తొలిసారిగా చూసేవాడు ఏ ప్రమాదానికీ లోనుకాకుండా చూడగలుగుతున్నాడు.

7. రెండు పోలికలు:

డ్రోన్‌ను సాధనంగా నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో రెయిన్ దీవి అనే చిన్న పగడపు దీవి ఉంది. పచ్చ తాబేళ్లు అధికసంఖ్యలో గుడ్లుపెట్టే ప్రదేశాలలో అది ప్రపంచ ప్రసిద్ధం. సామాన్య ప్రజలకు ప్రవేశం లేదు. పరిశోధకులు ఒడ్డుకు వచ్చిన తాబేళ్ల డిప్పలపై హానిలేని తెల్లరంగుతో గీత గీసి, తరువాత నీటిలో గీత ఉన్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని పడవ నుండి లెక్కించి మొత్తం సంఖ్యను అంచనా వేసేవారు. తెల్లగీత కంటికి త్వరగా ఆనుతుంది కనుక పడవ లెక్క తప్పేది. డ్రోన్ చిత్రాలతో పోల్చగా వాస్తవ సంఖ్య పాత అంచనాకు సుమారు 1.73 రెట్లు ఉన్నట్లు తేలింది. 2019 డిసెంబరులో దీవి చుట్టూ 64,000 వరకు తాబేళ్లు ఉన్నట్లు అంచనా వేశారు. అక్కడ మరొక ముఖ్యాంశం ఉంది: దీవి సంరక్షణ ప్రణాళికలో ఆ ప్రాంతపు సంప్రదాయ హక్కుదారులైన వుతాతి, మెరియం ప్రజలు భాగస్వాములు. డ్రోన్ ఎగిరినా, తమ నేలలో ఏం జరుగుతోందో వారికి తెలుసు.

రెండవ ఉదాహరణ బ్రెజిల్. 2008లో ఆక్రే రాష్ట్రపు అడవులలో బాహ్యసంబంధం లేని ఒక సమూహాన్ని చిన్న విమానం నుండి చిత్రించారు. ఒంటికి రంగులు పూసుకొన్న మనుషులు విమానంపైకి విల్లు ఎక్కుపెట్టిన ఆ చిత్రాలు అండమాన్ చిత్రానికి సోదరచిత్రాలని చెప్పదగినవి. 2018లో అక్కడి ప్రభుత్వ ఆదివాసీ వ్యవహారాల సంస్థ ఫునాయ్, జవారి లోయలో డ్రోన్‌తో తీసిన దృశ్యాలను వెలువరించింది. ఆ అడవిలో మనుషులే లేరని వాదించే కలప, గనుల వ్యాపారుల ఎదుట సాక్ష్యం చూపవలసిన అవసరం ఇటువంటి చర్యల వెనుక ఉంది. కనిపించకపోతే నేలపై హక్కు పోతుంది. కనిపిస్తే ఏకాంతం పోతుంది. ఈ సంకటం బలమైనది, నిజమైనది.

అండమాన్ పరిస్థితి ఈ రెండింటికీ భిన్నం. రెయిన్ దీవిలో వలె సమ్మతి అడగడానికి ఉభయులకూ తెలిసిన భాష లేదు. బ్రెజిల్‌లో వలె ఉనికిని నిరూపించవలసిన అగత్యమూ లేదు; ఉత్తర సెంటినెల్‌లో మనుషులున్నారని ప్రభుత్వం అంగీకరిస్తున్నది, దీవి మొత్తం వారిదేనని చట్టం చెబుతున్నది. అటువంటప్పుడు వారిని చిత్రించడానికి మిగిలే కారణం కుతూహలం ఒక్కటే.

8. దృష్టి - దిష్టి:

తెలుగులో ‘దృష్టి’కి వికృతి ‘దిష్టి’. ప్రకృతి రూపం చూపును, ఆలోచనను సూచిస్తే, వికృతి రూపం ఆ చూపు వల్ల కలిగే కీడును సూచిస్తుంది. పసిబిడ్డ బుగ్గన చుక్క పెట్టడం, పండిన చేనులో దిష్టిబొమ్మ నిలపడం, కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టడం ఈ భావన నుండి వచ్చినవే. వీటిని మూఢనమ్మకాలుగా తోసిపుచ్చవచ్చు. భాషాచరిత్ర దృష్ట్యా మాత్రం వీటిలో ఒక విలువైన గ్రహింపు ఉంది: చూడడం ఒక చర్య, దాని ఫలితం చూడబడినవారిపై ఉంటుంది. ఒకే మాట రెండు రూపాలు ఈ రెండు అంచులను పట్టి ఉంచాయి. ‘విహంగ వీక్షణం’ అన్న సమాసంలో లేనిది ఈ రెండవ అంచే.

పోర్ట్‌మన్ కొలతల చిత్రాల నుండి నేటి డ్రోన్ వరకు మనం ‘దృష్టి’ చరిత్రనే రాస్తూ వచ్చాం. అందులోని ‘దిష్టి’ చరిత్ర ఇంకా రాయవలసే ఉంది. అండమాన్ ఛాయాచిత్రాలను బోధించేటప్పుడు, పరిశోధనలో ఉదాహరించేటప్పుడు, చిత్రంలోని వ్యక్తి ఏ స్థితిలో నిలబడ్డాడు, వెళ్లిపోయే స్వేచ్ఛ అతనికి ఉందా అన్న ప్రశ్నలను వేసుకోవడం ఆ పనికి ఆరంభం. సెంటినెలీయుల చిత్రాన్ని ముద్రించకుండానే వారి గురించి రాయవచ్చు. ఈ వ్యాసం ఆ మార్గాన్నే అనుసరించింది.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• అండమాన్ ఛాయాచిత్ర చరిత్రలో కెమెరా నేల, పడవ, హెలికాప్టర్, డ్రోన్ అనే నాలుగు దశలను దాటింది. ప్రతి దశలో చూసేవారికి ప్రమాదం తగ్గుతూ వచ్చింది. చూడబడేవారికి బదులు చెప్పే అవకాశం కూడా తగ్గుతూ వచ్చింది.

• 2004 నాటి చిత్రం శత్రుత్వానికి నిదర్శనం అనేకంటే, స్పష్టంగా ప్రకటితమైన అసమ్మతికి నిదర్శనం అనడం సముచితం.

• నేలను చూడడం, మనిషిని చూడడం వేరు. పగడపు దిబ్బల మార్పును ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన పద్ధతి మొదటిదానికి ఆదర్శం. మనుషుల ముఖాలు గుర్తుపట్టగల ఎత్తుకు దిగే కెమెరాకు అదే సమర్థన వర్తించదు.

• 1956 నిబంధనలోని ‘ప్రవేశం’ అన్న భావనను కెమెరాకు కూడా వర్తించేలా, ఆదిమవాసుల దీవులపై ఆకాశాన్ని భద్రతా కారణాలతో పాటు అక్కడివారి ఏకాంతం కారణంగా కూడా నిషిద్ధంగా గుర్తించేలా చట్టాన్ని స్పష్టపరచడం అవసరం. విపత్తు వేళ ప్రాణరక్షణ కోసం జరిగే పరిశీలనకు అందులో మినహాయింపు ఉండాలి.

సునామీ తరువాత రెండు రోజులకు ఆ తీరంలో నిలబడిన మనిషి పేరు మనకు తెలియదు. కాళ్ల కింద దీవి పైకి లేచింది, పగడాలు ఎండుతున్నాయి, చేపలు పట్టే లోతులు మారిపోయాయి. అటువంటి రోజున కూడా అతడు ఆకాశంలోని యంత్రాన్ని చూసి సహాయం అర్థించలేదు; వెళ్లిపొమ్మన్నాడు. ఆ మాట అర్థం కావడానికి అతని భాష మనకు రానవసరం లేదు.